మా కోడలూ, కొండ ఎక్కని కారూ

మా కోడలు మొండిది. ఈ మాట ఆమె ముందూ అంటాను, వెనకా అంటాను, కాబట్టి చాడీ కింద రాదు. కాపురానికి వచ్చిన కొత్తలో వంటింట్లో కుళాయి కారుతుంటే, "ప్లంబర్‌కి కబురు పెట్టాను, వస్తాడులే" అన్నాను. అతను వచ్చేసరికి కుళాయి ముక్కలు ముక్కలై గట్టు మీద పరుచుకుని ఉంది. ఆమె ఒక రబ్బరు ముక్కను కిటికీ వెలుగుకు పట్టి చూస్తోంది. "ఇదుగో అత్తయ్యా, ఇక్కడ తెగింది" అంది, పోయిన వస్తువు దొరికినంత సంబరంగా. ప్లంబర్‌కి టీ ఇచ్చి సాగనంపాను. ఇంట్లోకి ఎలాంటి మనిషి వచ్చిందో ఆ రోజే అర్థమైపోయింది.

మా ఇల్లు వెనక, కార్ల షెడ్డు ముందు. మధ్యలో ఒక్కటే తలుపు. తలుపుకు ఇవతల రాజ్యం నాది, అవతల రాజ్యం మా ఆయనది. ఆయన కార్లకు సొట్టలు తీస్తారు, రంగు వేస్తారు. ఆయన రంగు వేసిన తలుపులో చూసుకుంటూ జుట్టు దువ్వుకోవచ్చని అందరూ 'అద్దం మేస్త్రి' అని పిలుస్తారు. సొట్ట ఎంతవరకు పాకిందో తెలుసుకోవడానికి ఆయన వంగి చూడరు. అరచేత్తో ఒకసారి నిమిరి పెన్సిల్‌తో చుట్టూ గీత గీసేస్తారు. ఇంజిను జోలికి మాత్రం పోరు. దానికి వేరే మెకానిక్ ఉండేవాడు. అతను సొంత షెడ్డు పెట్టుకుని వెళ్ళిపోయాక, అప్పటిదాకా విడిభాగాల కౌంటర్లో కూర్చునే మా కోడలు పానా పట్టింది.

మా అబ్బాయి పట్టలేదా అంటే, వాడు బస్సు డ్రైవరు. "బస్సు చెడిపోతే దిగి నీడలో నిలబడితే చాలమ్మా, బాగు చేసేవాళ్ళు వేరే ఉంటారు" అంటాడు. ఆ బద్ధకం నా వైపు నుంచి మాత్రం రాలేదు. కోడలు అలా కాదు. పిండిమర నడిపే ఇంట్లో పుట్టింది. వాళ్ళమ్మ నడిపిన మర అది. చిన్నప్పుడు ఇంజిను చప్పుడు కాస్త మారినా నిద్రలోంచి లేచి కూర్చునేదట. ఇప్పటికీ కారు వస్తే వెంటనే దేన్నీ విప్పదు. బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, జడ కొస పళ్ళ మధ్య పెట్టుకుని వింటూ ఉంటుంది. ఆ సమయంలో ఎవరు పిలిచినా పలకదు. నేను పిలిచినా పలకదు.

ఇంట్లో తెల్ల తువ్వాలు అన్నది ఒక్కటి మిగల్లేదు. ఆ విషయంలో ఆమెను నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

పనిలో ఆమెకు పేరు రాకపోలేదు. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు ఆమె తల మీదుగా లోపలికి తొంగిచూస్తూ, "మెకానిక్ లేడా?" అని అడిగేవారు. "నేనే, చెప్పండి" అనేది. కొందరు చెప్పేవారు. కొందరు మళ్ళీ వస్తామని వెళ్ళి మళ్ళీ వచ్చేవారు కాదు. మా ఆయన అదంతా గమనిస్తూనే ఉన్నారు. ఆమె పనితనం మీద ఆయనకు అనుమానం లేదు, వచ్చేవాళ్ళ నమ్మకం మీదే నమ్మకం లేదు. ఎవరైనా పేరున్న మెకానిక్ దొరుకుతాడా అని లోలోపల వెతుకుతున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లో నర్సమ్మ కారు మళ్ళీ వచ్చింది.

నర్సమ్మ అంటే నర్సు ఉద్యోగం చేసే ఆవిడ, మాకు పాత మనిషే. ఒకసారి గేటు స్తంభానికి గుద్దుకుని కారు ముందు బంపర్ చీలితే మా ఆయనే అతికి, రంగు వేసి, కొత్తదానిలా చేసి ఇచ్చారు. ఆ తరువాత కొద్దికాలానికే ఆమెను ఊళ్ళో ఆసుపత్రి నుంచి కొండ మీది ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. పొద్దున ఎక్కాలి, సాయంత్రం దిగాలి, దారంతా మెలికలే. చదును రోడ్డు మీద చక్కగా పోయే కారు కొండ మొదలయ్యేసరికి ఆయాసపడటం మొదలుపెట్టింది. ఎంత తొక్కినా లాగదు. వెనక నల్లటి పొగ, బానెట్ కింద సన్నటి ఈల. మొదటిసారి తెచ్చినప్పుడు మా కోడలు గాలి ఫిల్టర్ మార్చింది. రెండోసారి గాలి పైపుల క్లిప్పులన్నీ బిగించింది. రెండుసార్లూ షెడ్డు ముందు రోడ్డు మీద కారు బ్రహ్మాండంగా నడిచింది, కొండ దగ్గర మళ్ళీ మొదటికొచ్చింది.

"నిన్న ఇసుక లారీ నన్ను దాటేసి పోయింది" అంది నర్సమ్మ, తాళాలు కౌంటర్ మీద పెడుతూ. "ఆ డ్రైవరు జాలిగా చూశాడు కూడా. సరే, అది వదిలెయ్యండి. పైన ఎవరికో కాన్పు కష్టమైందని కబురొస్తే నేను పరిగెత్తాలి. మలుపులో బండి ఆగిపోతే ఎవర్ని పిలవను? మీవల్ల అవుతుందా, చేతులెత్తేస్తారా? ఒక్క మాట చెప్పండి, వేరేచోట చూపించుకుంటాను."

మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "టర్బో పోయినట్టుందమ్మా. కొత్తది వేయించేద్దాం" అన్నారు.

"టర్బో పోలేదు మామయ్యా." మా కోడలు అప్పటికే బానెట్ ఎత్తి, మోచేతి దాకా లోపలికి చెయ్యి పెట్టి ఉంది. "దాని చక్రం నున్నగా తిరుగుతోంది. ఊగట్లేదు, నూనె కారట్లేదు. బాగున్నదాన్ని పీకేస్తే జబ్బు అలాగే ఉంటుంది."

"మరి ఏం పోయింది?"

"తెలీదు."

వచ్చినవాళ్ళ ముందు 'తెలీదు' అనడం మా ఆయన దృష్టిలో బూతు మాట్లాడటం కంటే ఘోరం. ఆ వారం వరకు గడువు అడిగి నర్సమ్మను ఎలాగో పంపించారు. ఆమె వెళ్ళగానే కోడలి వైపు తిరిగారు.

"సోమవారం ఒక మెకానిక్ వస్తున్నాడు. మాట్లాడేశాను. ఈలోగా నువ్వు ఈ కారు సంగతి తేల్చావా, ఇంజిను పని నీదే, అతన్ని వద్దని పంపించేస్తాను. తేల్చలేదా, మళ్ళీ కౌంటర్లో కూర్చో. కోపం పెట్టుకోకమ్మా, షెడ్డు పేరు చూసుకోవాలి కదా."

"సరే మామయ్యా" అందామె.  ఇదంతా నేను తలుపు ఇవతల నిలబడి విన్నాను. వినడానికే నిలబడ్డాను.

కారు గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. ఆమె గిన్నెలు తోముతూ నాకు చెప్పినదే చెప్తాను, నాకు అర్థమైంది కాబట్టి ఎవరికైనా అర్థమవుతుంది. ఇంజినుకు డీజిల్ ఒక్కటే చాలదు, గాలి కూడా కావాలి. టర్బో అనే చిన్న చక్రం గిర్రున తిరుగుతూ గాలిని ఇంజినులోకి బలవంతంగా కుక్కుతుంది. కుక్కిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కితే పలచబడుతుంది. అందుకని దారిలో దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ అని ఒకటి ఉంటుంది. మధ్యలో అల్యూమినియం జల్లెడ, రెండు చివర్లా ప్లాస్టిక్ పెట్టెలు. ఎదురుగాలి తగలాలని దాన్ని ముందు బంపర్ వెనకాల పెడతారు.

"కుక్కిన గాలి దారిలో ఎక్కడో బయటికి పోతోంది అత్తయ్యా. కొండ మీదే ఎందుకు పోతోందో, అదే అర్థం కావట్లేదు" అంది. అప్పటికి ఒకే గిన్నెను చాలాసేపటి నుంచి తోముతోంది. లాక్కుని నేనే కడిగాను.

మర్నాడు పొద్దున్నే గాలి పైపు మూతి మూసేసి, కంప్రెషర్‌తో లోపలికి గాలి పట్టింది. సబ్బునీళ్ళలో కుంచె ముంచి, చెయ్యి అందిన చోటల్లా పూసింది. గాలి ఎక్కడ పోతుంటే అక్కడ బుడగ లేవాలి. ఒక్క బుడగ లేవలేదు. గాలి ఒత్తిడి చూపే గేజిలో ముల్లు కదలకుండా నిలబడింది.

"చూశావా? గాలి ఎక్కడికీ పోవట్లేదు" అన్నారు మా ఆయన. "టర్బోయే."

"షెడ్డులో నిలబెడితే పోవట్లేదు" అంది ఆమె. "చెయ్యి అందనిది బంపర్ వెనక ఒక్కటే మామయ్యా. విప్పి చూస్తాను."

ఆయన ముఖం మారిపోయింది. "నేను బిగించిన బంపర్‌నా? అంచుల్లో రంగు చిట్లుతుంది. పైగా అక్కడ తేడా ఉంటే నాకు తెలీదా? వద్దంటే వద్దు."

ఆయన అంత గట్టిగా మాట్లాడటం అరుదు.  కోడలు సబ్బునీళ్ళ బకెట్ పక్కన పెట్టి, "అయితే కొండనే అడుగుదాం" అంది.

అలా నేను కూడా కొండ ఎక్కాల్సి వచ్చింది. పొడుగాటి సన్న గొట్టం ఒకటి ఇంజిను దగ్గర తగిలించి, కిటికీలోంచి లోపలికి లాగి, చివర గేజి పెట్టింది. వెనక సీట్లో కూర్చుని ముల్లు ఎక్కడుందో అరిచి చెప్పే మనిషి కావాలట. "మీ గొంతైతే బాగా వినిపిస్తుంది అత్తయ్యా" అంది. పొగిడిందో ఎత్తిపొడిచిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నర్సమ్మ డ్యూటీకి వెళ్ళాలి కాబట్టి ఆమె ముందు సీట్లో కూర్చుంది, స్టీరింగ్ మా కోడలు పట్టింది.

"నిలబడింది... నిలబడింది... పడిపోయింది!" అని నేను అరుస్తున్నాను. తిన్నటి చోట ముల్లు పైకి పోయి అక్కడే ఉంటోంది. కొన్ని మలుపుల్లో మాత్రం ఎవరో లాగేసినట్టు కిందికి జారిపోతోంది. వెంటనే ఈల, వెనకాల పొగ. కాస్త పైకి వెళ్ళి వెడల్పాటి చోట కారు వెనక్కి తిప్పింది. దిగి, మళ్ళీ అవే మలుపులు ఎక్కింది. మళ్ళీ దిగింది. మళ్ళీ ఎక్కింది.

"నాకు డ్యూటీ టైమైపోతోంది!" అంది నర్సమ్మ.

"ఇంకొక్కసారి మేడం. అత్తయ్యా, ఈసారి ముల్లు పడగానే ఏ పక్కకి తిరుగుతున్నామో కూడా చెప్పండి."

"ఎడమ! పడిపోయింది! ఇప్పుడు కుడి... నిలబడింది. ఎడమ... అయ్యో, పడిపోయింది!"

నా కడుపులో తిప్పడం మొదలైంది. నర్సమ్మ వెనక్కి చూడకుండానే సంచిలోంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టింది. నర్సులను దగ్గర పెట్టుకోవాలనేది ఇందుకే. ఆ కవరు ఖాళీగా తిరిగి ఇవ్వలేకపోయానని చెప్పడానికి సిగ్గుపడను.

నర్సమ్మను కేంద్రం దగ్గర దింపి, కారు తీసుకుని కిందికి వచ్చాం. దారంతా మా కోడలి జడ కొస పళ్ళ మధ్యే ఉంది. షెడ్డులో దిగగానే నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"ఇంటర్‌కూలర్ రబ్బరు ముక్కల మీద వేలాడుతుంది మామయ్యా. ఎడమకి తిరిగితే అది కుడికి ఊగుతుంది. ఊగినప్పుడే గాలి పోతోంది. ఎడమ పక్కన ఏదో ఉంది. బంపర్ విప్పుతున్నాను."

"వద్దన్నానా లేదా?"

"అన్నారు. చాటుగా విప్పడం నాకిష్టం లేదు, మీ ముందే విప్పుతాను. రంగు చిట్లితే నన్ను తిట్టండి. లోపల ఏమీ లేకపోతే సోమవారం దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే వెళ్ళి కౌంటర్లో కూర్చుంటాను."

 ఆమె నేల మీద పాత దుప్పటి పరిచి, పానా తీసుకుని కూర్చుంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.  ఆమె నెగ్గాలని ఉంది, ఆయన ఓడకూడదనీ ఉంది. రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో మాత్రం తెలియలేదు.

బోల్టులు ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. అన్నీ పొట్టివి, బొటనవేలి గోరంత ఉన్నాయి. ఎడమ మూల బోల్టు దగ్గరికి వచ్చేసరికి పానా తిప్పుతూనే ఉంది, అది వస్తూనే ఉంది. బయటికి తీశాక చూస్తే దాదాపు ఆమె చూపుడువేలంత పొడుగుంది. కొస మెరుస్తోంది, రాపిడికి అరిగిన మెరుపు. ఆమె దాన్ని పక్కన పెట్టి బంపర్‌ను మెల్లగా దుప్పటి మీద పడుకోబెట్టింది. రంగు ఎక్కడా చిట్లలేదు.

లోపల ఇంటర్‌కూలర్ ఎడమ పెట్టెకు గుండ్రటి బెజ్జం. చుట్టూ జిడ్డు, జిడ్డుకు అంటుకున్న నల్లటి దుమ్ము. మళ్ళీ గాలి పట్టి కుంచె ఆనించింది. పిడికెడు నురగ బుస్సుమని లేచింది.

"బెజ్జం పెట్టిందీ ఆ బోల్టే, బిరడాలా మూసిందీ ఆ బోల్టే" అంది మా కోడలు. "కారు నిలబడి ఉంటే మూసుకునే ఉంటుంది. ఎడమ మలుపులో ఇంటర్‌కూలర్ పక్కకి ఊగితే బెజ్జం తెరుచుకుంటోంది. చదును రోడ్డు మీద మలుపుల్లో అంత గట్టిగా తొక్కం కాబట్టి ఇన్నాళ్ళూ తెలీలేదు."

ఆ బోల్టు ఎక్కడి నుంచి వచ్చిందో మాకెవరికీ వేరే చెప్పక్కర్లేదు. మా షెడ్డులో బోల్టు పారేయడమనేది లేదు. తుక్కుకు పోయే ప్రతి కారు నుంచీ బోల్టులు ఊడదీసి, కడిగి, బిస్కెట్ల డబ్బాలో వేస్తారు మా ఆయన. పని మధ్యలో ఒకటి కనపడకపోతే డబ్బాలో చెయ్యి పెట్టి, మర చుట్లు పట్టేదాన్ని తీసి బిగించేస్తారు. పెళ్ళైనప్పటి నుంచి చూస్తున్నాను, ఆ డబ్బా ఆయన్ను ఎప్పుడూ మోసం చేయలేదు. మర సరిపోయినా పొడుగు సరిపోని బోల్టును ఆయన బిగించారంటే నమ్మబుద్ధి కాలేదు.

కోడలు లేచి, పొడుగు బోల్టునూ ఒక పొట్టి బోల్టునూ తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన చెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకున్నారు. కొంచెం వెనక్కి జరిపారు. వెలుగు వైపు తిరిగారు. తరువాత చూడటం మానేసి, పిడికిలి మూసి, రెండు బోల్టులనూ బొటనవేలితో పక్కపక్కన పెట్టి తడిమారు. తడిమాక ఆయన ముఖం నల్లబడింది.

ఇంత పొడుగు తేడా. నేను తలుపు దగ్గర నుంచే చూడగలిగాను. చేతిలో పెట్టుకుని ఆయన చూడలేకపోయారు.

మా కోడలు నావైపు చూసింది. ఆమెకూ అర్థమైంది.  ఆమె కారు వైపు తిరిగి, ఇంటర్‌కూలర్ ఊడదీయడం మొదలుపెట్టింది.

మా ఆయన వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. "నర్సమ్మకి రాయి తగిలిందని చెప్పు. కొండ దారి కదా, రాళ్ళు ఎగురుతూనే ఉంటాయి."

"చెప్పను మామయ్యా."

"రంగు మేస్త్రి వేసిన బోల్టు కారును పాడుచేసిందని తెలిస్తే రేపటి నుంచి ఈ షెడ్డుకి ఎవరొస్తారు?"

"ఎవరు వేశారో చెప్పను. కానీ రాయి అని చెప్పను. ఆవిడ ఆ కారు నమ్ముకుని కొండ ఎక్కుతోంది."

"అయితే సోమవారం నుంచి కౌంటర్లో కూర్చో."

"కూర్చుంటాను" అంది ఆమె, బోల్టు తిప్పుతూనే. "రాయి అని మాత్రం చెప్పను."

నాకు ముక్కు మీద కోపం ఎప్పుడూ ఉంటుంది, ఆ రోజు నషాళానికి అంటింది. కారు సంగతి తేలిస్తే పని నీదే అన్న మనిషి, తేల్చినందుకే తీసేస్తున్నారు. కోడలి ముందు అరవడం ఇష్టం లేక ఆయన లోపలికి వచ్చేదాకా ఆగాను. వచ్చాక మాత్రం ఆగలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

ఏం అడుగుతున్నానో ఆయనకు తెలుసు. మంచం అంచున కూర్చున్నారు. "పొద్దున పూట పర్లేదు. వెలుగు ఎదురుగా ఉంటే మంచు పట్టినట్టుంటుంది" అన్నారు. "రంగులు డబ్బా మీద నంబరు చూసి కాదు, డబ్బా పెట్టిన చోటు చూసి తీస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పని మానెయ్యమంటావు."

"అంటాను! అనకుండా ఉంటానా?"

"అందుకే" అన్నారాయన. ఆ ఒక్క మాటతో నాకు ఇంకా కోపం వచ్చింది.

కోడలు తుక్కు దుకాణాలన్నీ తిరిగి, అదే రకం కారుది మంచి ఇంటర్‌కూలర్ ఒకటి పట్టుకొచ్చింది. నీళ్ళ తొట్టిలో ముంచి, గాలి పట్టి, ఒక్క బుడగ కూడా రాదని చూసుకుని బిగించింది. బంపర్‌కు అన్నీ సరైన బోల్టులే వేసింది, ఒక్కొక్కటీ కొలిచి. తరువాత ఒక్కతే కొండ ఎక్కించి వచ్చింది. గేజి కిటికీ పక్కనే కట్టుకుందట. నన్ను పిలవలేదు, పిలిచినా వెళ్ళేదాన్ని కాదు. తిరిగి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఒక్క మలుపులో కూడా పడలేదు అత్తయ్యా" అంది. ఆమె కళ్ళు మెరిశాయి. వెంటనే సోమవారం గుర్తొచ్చినట్టుంది, తల దించుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నా కొత్త తువ్వాలుతోనే తుడుచుకుంది. ఆ పూట ఏమీ అనలేదు.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. మా ఆయన షెడ్డు మూలన ఒక కారు తలుపు ముందు కూర్చుని ఉప్పుకాగితంతో రుద్దుతున్నారు.

"బంపర్ బాగు చేసినప్పుడు మా షెడ్డులో ఒక పొడుగు బోల్టు వేశాం మేడం" అంది మా కోడలు. "అది ఇంటర్‌కూలర్‌కి బెజ్జం పెట్టింది. తప్పు మాదే. మార్చేశాను, కొండ ఎక్కించి చూశాను. ఇప్పుడు బాగుంది."

 "అంటే మీరు చేసిన తప్పుకి మీ దగ్గరికే ఇన్నిసార్లు వచ్చి, ప్రతిసారీ మీకే థాంక్స్ చెప్పి వెళ్ళానన్నమాట" అంది నర్సమ్మ. ఆ తరువాత గొంతు పెరిగింది. పైన ఆమె కోసం ఎదురుచూసిన మనుషుల గురించి చెప్పింది. ఒక వర్షం రోజున మలుపులో బండి వెనక్కి జారుతుంటే బ్రేకు మీద నిలబడి ఏడ్చానని చెప్పింది. మా కోడలు తల వంచుకోకుండా అంతా వింది.

"ఎవరు బిగించారు ఆ బోల్టు?"

"మా షెడ్డులోనే మేడం."

"షెడ్డుకి చేతులుంటాయా? మనిషిని చెప్పు."

"మేమే మేడం."

మూలన ఉప్పుకాగితం చప్పుడు ఆగింది. ఆయన లేస్తారని చూశాను. లేవలేదు. కాసేపటికి చప్పుడు మళ్ళీ మొదలైంది. నర్సమ్మ తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆయనకు అన్నం పెట్టాను గానీ మాట పెట్టలేదు.

సోమవారం కోడలు ఉతికిన బట్టలు కట్టుకుని కౌంటర్లో కూర్చుంది. చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆ చేతులను అలా చూడాలని నేను ఎన్నాళ్ళుగానో సణుగుతున్నాను, తీరా చూస్తే కడుపు తరుక్కుపోయింది. కొత్త మెకానిక్ పెద్ద పనిముట్ల పెట్టెతో వచ్చాడు. నేను తలుపు దాటి, షెడ్డులోకి వెళ్ళి నిలబడ్డాను. ఆ రోజు ఆయన ఏమన్నా నా మాట కూడా ఉండాలని నిశ్చయించుకున్నాను.

మా ఆయన అతన్ని ఇంజిన్ల వైపు కాకుండా నేరుగా తన మూలకు, సగం రుద్దిన తలుపు దగ్గరికి తీసుకెళ్ళారు.

"నిన్ను పిలిచి మాట తప్పుతున్నాను, ఏమన్నా అను, పడతాను" అన్నారు. "ఇంజిను పనికి మనిషి ఉంది. అదుగో, కౌంటర్లో కూర్చుంది. పొరపాటున కూర్చుంది. నీకు ఇష్టమైతే సొట్టలు తీయడం, రంగు వేయడం నేర్పుతాను. చేత్తో చూడటం నా దగ్గర నేర్చుకో. కళ్ళు మాత్రం నువ్వే తెచ్చుకోవాలి. నావి పోతున్నాయి."

ఆ మనిషి బిత్తరపోయాడు. "ఆలోచించుకుని చెప్తా మేస్త్రీ" అని పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

ఆయన కౌంటర్ దగ్గరికి వచ్చి, కోడలి ఎదురుగా నిలబడ్డారు. "ఆ బోల్టు వేసింది నేనని నర్సమ్మకి నేనే చెప్పుకుంటాను. నువ్వు మొన్న 'మేమే' అన్నావు చూడు..." అని ఆగిపోయారు. మిగతాది మింగేశారు. "కంటి ఆసుపత్రికి తీసుకెళ్తావా అమ్మా? మీ అత్తయ్యతో వెళ్తే దారంతా తిడుతుంది."

"నేనూ వస్తున్నాను" అన్నాను.

దారంతా తిట్టాను. వెనక సీట్లో కూర్చుని, పెళ్ళైన నాటి నుంచి ఆయన నా దగ్గర దాచినవన్నీ గుర్తు చేసుకుని మరీ తిట్టాను. ఆయనేమో కళ్ళు చికిలించుకుని రోడ్డు వైపే చూస్తున్నారు. ఎదురుగా కారు వచ్చినప్పుడల్లా, "అది ఏ రంగు అమ్మా?" అని కోడల్ని అడుగుతున్నారు. ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్తూ వచ్చింది. తెలుపు మామయ్యా. ఎరుపు. ఇది బూడిద రంగు, కుడి తలుపు మీద సొట్ట ఉంది. ఆసుపత్రి ఇంకా రాకముందే నా దగ్గర తిట్లు అయిపోయాయి.